పెట్టెలో వడగాడ్పు

వేసవిలో కంప్యూటర్ మొరాయిస్తే కొత్త ఫ్యాన్లు కొనేముందు గాలికి దారి ఉందో లేదో చూడాలి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. కంప్యూటర్లు పగలవు, నీరసిస్తాయి. మే నెల మధ్యాహ్నం రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని డీటీపీ సెంటర్లోకి వెళ్లి చూడండి. పొద్దున చకచకా తెరుచుకున్న ఫైలు ఇప్పుడు ముక్కుతూ మూలుగుతూ తెరుచుకుంటుంది. ఫ్యాన్ల రొదకు పక్కవారి మాట వినపడదు. యజమాని వైరస్‌ను అనుమానిస్తాడు. సర్వీసు కుర్రాడు వచ్చి విండోస్‌ను మళ్లీ ఎక్కించి, డబ్బు తీసుకుని వెళ్తాడు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే కథ.

ఇలాంటప్పుడు చాలాసార్లు జబ్బు సాఫ్ట్‌వేర్‌లో ఉండదు. నేటి ప్రాసెసర్లు చాలావరకు 95 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. అయినా వేడి పెరుగుతూ పోతే యంత్రం ఆగిపోతుంది. అంటే అంత ధర పెట్టి కొన్న వేగంలో కొంత భాగం సరిగ్గా పని ఒత్తిడి ఉన్న వేళకే చేజారిపోతుంది.

కంప్యూటర్ తాగే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. 1993 నాటి తొలి పెంటియం వెదజల్లిన వేడి సుమారు 15 వాట్లు. 2004 నాటి పెంటియం 4 రకాల్లో కొన్ని 115 వాట్లకు చేరాయి. ఇంటెల్ కోర్ ఐ9-14900కె గరిష్ఠంగా 253 వాట్లు, 2025లో వచ్చిన ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 575 వాట్లు లాగగలవు. ఈ రెండూ ఉన్న పెట్టెను గది హీటరు అన్నా తప్పు లేదు.

పెట్టె నమూనా మాత్రం పెద్దగా మారలేదు. ఇప్పటికీ చలామణిలో ఉన్న ఏటీఎక్స్ ప్రమాణాన్ని ఇంటెల్ 1995లో తెచ్చింది. పెంటియం 4 వేడికి తాళలేక అదే సంస్థ 2004లో బీటీఎక్స్ అనే కొత్త అమరికను ముందుకు తెచ్చింది. అందులో ప్రాసెసర్‌ను పెట్టె ముందు భాగానికి జరిపి, బయటి చల్లగాలి నేరుగా దాని మీదుగా సాగేలా ఏర్పాటు చేశారు. ఆలోచన మంచిదే, కానీ బోర్డుల తయారీదారులు పెద్దగా మొగ్గు చూపలేదు. 2006లో 65 వాట్ల కోర్ 2 డ్యువో రాగానే దాని అవసరమే తీరిపోయినట్లయింది, ఇంటెల్ ఆ ప్రయత్నాన్ని వదిలేసింది. తర్వాత వేడి మళ్లీ పెరిగింది. పెట్టె 1995 నాటిదిగానే మిగిలింది.

మరి ఎంత గాలి కావాలి? లెక్క కష్టమేమీ కాదు. 300 వాట్ల వేడిని మోసుకుపోయే గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే సెకనుకు సుమారు 25 లీటర్లు, నిమిషానికి 1,500 లీటర్ల గాలి పెట్టెలోంచి సాగిపోవాలి. 120 మిల్లీమీటర్ల మామూలు ఫ్యాను అట్టపెట్టె మీద రాసే సామర్థ్యమూ ఇంచుమించు అంతే. అయితే అది ఏ అడ్డూ లేనప్పటి అంకె. ముందు గాజు పలక, వెనుక దుమ్ము పట్టిన జల్లెడ, మధ్యలో వైర్ల చిక్కు ఉంటే అందులో చాలా భాగం హరించుకుపోతుంది. పోనీ వేగం పెంచుదామా అంటే, రెట్టింపు గాలి కోసం ఫ్యానును రెట్టింపు వేగంతో తిప్పడానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. రొద సంగతి సరేసరి.

ఇంకో నిజం కూడా ఉంది. ఏ ఫ్యానూ లోపలి భాగాలను గది కన్నా చల్లగా ఉంచలేదు. గది 24 డిగ్రీల నుంచి 42కు పెరిగితే లోపలి వేడి కూడా ఇంచుమించు ఆ 18 డిగ్రీలూ పెరుగుతుంది. చలిదేశాల సమీక్షకులు మెచ్చుకున్న క్యాబినెట్ మన వేసవిలో చతికిలబడటానికి కారణం ఇదే.

దోషం పెట్టెదేనా అని తేల్చుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. హెచ్‌డబ్ల్యూ ఇన్‌ఫో వంటి ఉచిత ప్రోగ్రాంతో, బరువైన పని 20 నిమిషాలు నడిపి వేడిని రాసుకోండి. తర్వాత పక్క తలుపు తీసి, అదే గదిలో అదే పని మళ్లీ చేయించండి. వేడి ఏడెనిమిది డిగ్రీలు పడిపోతే గాలికి దారి లేదన్నమాట. ఏమంత తగ్గకపోతే హీట్ సింక్‌లో పేరుకున్న దుమ్మునో, ఎండిపోయిన థర్మల్ పేస్టునో అనుమానించాలి. తలుపు తీసే ఉంచి టేబుల్ ఫ్యాన్ పెట్టే అలవాటు మన దగ్గర ఎక్కువే. తాత్కాలికంగా పనిచేస్తుంది కానీ వీధి దుమ్మంతా బోర్డు మీదికి చేరుతుంది.

మంచి దారి అంటే ముందు కింది భాగం నుంచి గాలి లోపలికి, వెనుక పైభాగం నుంచి బయటికి. ముందు ఇద్దరు లోపలికి తోసేవాళ్లు, వెనుక ఒకడు బయటికి నెట్టేవాడు ఉంటే సాధారణ అవసరాలకు సరిపోతుంది. ఫ్యాను చట్రంలో అడ్డపట్టీలున్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది. ఇది చూసుకోక తిరగేసి బిగించిన ఫ్యాన్లు లెక్కలేనన్ని. పైకప్పులో ముందువైపు బయటికి నెట్టే ఫ్యాను పెడితే, లోపలికొచ్చిన చల్లగాలి ప్రాసెసర్‌ను చేరకముందే వెళ్లిపోతుంది. బయటికి వెళ్లే గాలి కన్నా లోపలికి వచ్చేది కాస్త ఎక్కువగా ఉంటే సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము జల్లెడ దగ్గరే ఆగుతుంది. అగరుబత్తి పొగ, వంటింటి నూనె ఆవిరి కలిసిన మన ఇళ్ల దుమ్ము జిడ్డుగా అంటుకుంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోవాలి, లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది.

అన్నిటికన్నా పెద్ద నేరస్థుడు తరచూ పెట్టెకు బయటే ఉంటాడు. మనం పెట్టె మొత్తాన్నీ ‘సీపీయూ’ అనేసి, కంప్యూటర్ టేబుల్ కింద మూడువైపులా మూసిన అరలోకి తోసేస్తాం. కొందరు కుట్లు కుట్టిన గుడ్డ కవరు కూడా తొడుగుతారు. వెనుక నుంచి వదిలిన వేడిగాలే ఆ అరలో సుడి తిరిగి మళ్లీ ముందు నుంచి లోపలికి దూరుతుంది. దాన్ని బయటికి లాగి, గోడకు జానెడు ఎడం వదలడానికి పైసా ఖర్చు కాదు.

లిక్విడ్ కూలర్ కొనాలన్న తొందర ఉన్నవారు కూడా ముందు ఈ పని చేసి చూడొచ్చు. ఆ నీరు తెచ్చిన వేడినీ రేడియేటర్ చివరికి గాలికే అప్పగించాలి. రేడియేటర్‌ను గాజు పలక వెనుక బిగించి, పెట్టెను అరలోకి నెట్టేసిన చోట వేల రూపాయల కూలర్‌కు కూడా దక్కేది ఆ వేడిగాలే.