టాలీలో ఉన్న బాకీలు ఆర్‌కి చెబితే

మన చిన్న టౌన్లలో ఏ ఎరువుల షాపుకి వెళ్ళినా కౌంటర్ మీద ఒక కంప్యూటర్, అందులో టాలీ కనిపిస్తాయి. రైతు జూన్, జూలైలో విత్తనాలు, యూరియా అరువుకి తీసుకెళ్తాడు, పంట చేతికొచ్చాక కడతాడు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో టాలీ ఒక్క బటన్‌తో చెప్పేస్తుంది. కానీ షాపు ఓనర్‌కి నిద్ర పట్టనివ్వని ప్రశ్న వేరే ఉంది. ఆ డబ్బు ఎప్పుడొస్తుంది? వచ్చే సీజన్‌కి సరుకు తేవడానికి చేతిలో ఎంత ఉంటుంది?

ఇది స్టాటిస్టిక్స్ ప్రశ్న. దీనికి మన ల్యాబ్‌లో వాడే ఆర్ బాగా పనికొస్తుంది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన ఈ లాంగ్వేజ్ 1.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. టాలీ మాత్రం అచ్చంగా మన దేశంలో పుట్టింది. శ్యామ్ సుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా 1986లో మొదలుపెట్టిన కంపెనీ అది. ఈ రెండింటినీ కలపడం ఎలాగో చూద్దాం.

మూడు దారులు

టాలీ డేటా దాని సొంత ఫార్మాట్‌లో ఉంటుంది. ఫైల్‌ని నేరుగా ఆర్‌లో ఓపెన్ చేద్దామంటే కుదరదు. టాలీనే అడిగి తీసుకోవాలి.

మొదటిది ఎక్సెల్ ఎక్స్‌పోర్ట్. అన్నిటికన్నా ఈజీ, కానీ ఇందులో ఒక మోసం ఉంది. బ్యాలెన్స్ పక్కన కనిపించే 'డెబిట్', 'క్రెడిట్' గుర్తులు చాలా రిపోర్టుల్లో సెల్ లోపల ఉండవు, అవి నంబర్ ఫార్మాట్ మాత్రమే. ఆర్ ఆ ఫైల్ చదివితే వట్టి అంకె వస్తుంది. బాకీ ఉన్నవాడికీ, అడ్వాన్స్ ఇచ్చినవాడికీ తేడా పోతుంది.

రెండోది ఓడీబీసీ. టాలీ సెట్టింగ్స్‌లో కనెక్టివిటీ కింద దీన్ని ఆన్ చేస్తే, ఆర్ నుంచి ఎస్‌క్యూఎల్ లాంటి క్వెరీతో లెడ్జర్ పేర్లు, క్లోజింగ్ బ్యాలెన్సులు తెచ్చుకోవచ్చు. 64 బిట్ ఆర్ వాడితే డ్రైవర్ కూడా 64 బిట్‌దే ఉండాలి. లెడ్జర్ల వరకు ఇది హాయి. వోచర్ల లోపలి వివరాలు కావాలంటే సరిపోదు.

మూడోది ఎక్స్‌ఎంఎల్. అసలు పని ఇక్కడే. టాలీ ఒక చిన్న సర్వర్‌లా మామూలుగా 9000 పోర్టు మీద వింటూ ఉంటుంది. ఏ కంపెనీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ రిపోర్టు అని ఎక్స్‌ఎంఎల్‌లో రాసి పంపితే, వోచర్లన్నీ ఎక్స్‌ఎంఎల్‌లోనే తిరిగి పంపిస్తుంది. ఆర్‌లో పంపడానికి ఒక ప్యాకేజీ, చదవడానికి ఒక ప్యాకేజీ ఉంటే చాలు.

చదివేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి. టాలీ ఎక్స్‌ఎంఎల్‌లో డెబిట్ మొత్తాలు మైనస్‌తో, క్రెడిట్ మొత్తాలు ప్లస్‌తో వస్తాయి. తేదీ 20240401 లాగా ఒకే అంకెగా ఉంటుంది. గ్రూప్ పేర్లలో 'ప్రైమరీ' అనే మాట ముందు కంటికి కనిపించని ఒక కంట్రోల్ క్యారెక్టర్ వస్తుంటుంది. ఎక్స్‌ఎంఎల్ రూల్స్ దాన్ని ఒప్పుకోవు కాబట్టి పార్సర్ ఆగిపోతుంది. పార్స్ చేసే ముందే దాన్ని తీసేయాలి.

ఇంకో ముఖ్యమైన మాట. ఇదే పోర్టు ద్వారా టాలీలోకి వోచర్లు రాయడం కూడా కుదురుతుంది. అందుకే వేరొకరి అసలు లెక్కల మీద ప్రయోగాలు చేయకండి. బ్యాకప్ కాపీ తీసుకుని దాని మీదే పని చేయండి. షాపు వై-ఫై అందరికీ తెలిసినదైతే, పని అయ్యాక ఆ సెట్టింగ్ ఆఫ్ చేసేయండి.

బిల్లుకి బిల్లు జత

డబ్బు ఎన్ని రోజులకి వచ్చిందో తెలియాలంటే ఏ రసీదు ఏ బిల్లుకి చెందిందో తెలియాలి. టాలీలో 'బిల్ వైజ్' పద్ధతి ఉంది. అమ్మినప్పుడు 'న్యూ రెఫ్', డబ్బు వచ్చినప్పుడు 'అగైనెస్ట్ రెఫ్' అని అదే బిల్లు నంబరు వేస్తారు. ఆర్‌లో పార్టీ పేరు, బిల్లు నంబరు మీద ఈ రెండింటినీ జాయిన్ చేసి, బాకీ సున్నా అయిన తేదీలోంచి బిల్లు తేదీ తీసేస్తే రోజులు వచ్చేస్తాయి. రసీదుని 'ఆన్ అకౌంట్' అని కొట్టేసి ఉంటే మాత్రం ఆ లింకు లేనట్టే. అలాంటివి ఎన్ని ఉన్నాయో ముందే లెక్కపెట్టి, అకౌంటెంట్ గారి దగ్గర కూర్చుని అడగడం మంచిది. ఆ సమాచారం ఏ ప్యాకేజీలోనూ దొరకదు.

సగటు ఎందుకు అబద్ధం చెబుతుంది

ఒక షాపులో ఐదు బిల్లులు ఉన్నాయనుకుందాం. మూడు వసూలయ్యాయి, 60, 90, 150 రోజులకి. నాలుగోది 75 రోజుల క్రితందే, ఇంకా రాలేదు. ఐదోది 300 రోజులైనా రాలేదు. వసూలైన వాటి సగటు 100 రోజులు. 'సరే, మూడు నెలలు దాటగానే డబ్బు వచ్చేస్తుంది' అని ఓనర్ అనుకుంటే మునిగినట్టే. ఎందుకంటే రాని బిల్లులు ఆ సగటులో అసలు లేవు!

75 రోజుల బిల్లుని ఎగ్గొట్టినట్టు చూడటం అన్యాయం, పక్కన పెట్టేయడమూ తప్పే. '75 రోజుల వరకు రాలేదు' అన్నంత వరకు అది మనకి నిజమే చెబుతోంది. ఇలాంటి సగం తెలిసిన డేటా కోసమే 1958లో కప్లాన్, మేయర్ ఒక పద్ధతి ఇచ్చారు. రోగులు ఎంతకాలం బతుకుతారన్న లెక్కల్లో దాన్ని ఎక్కువగా వాడతారు. బాకీలకీ అదే సరిపోతుంది.

లెక్క ఇలా. 60వ రోజు ఐదింట్లో ఒకటి వచ్చింది, మిగిలింది 4/5. 75వ రోజు తర్వాత నాలుగో బిల్లు గురించి మనకి తెలియదు కాబట్టి లెక్కలోంచి తప్పుకుంటుంది. 90వ రోజుకి లెక్కలో మూడే ఉన్నాయి, ఒకటి వచ్చింది, 2/3. 150వ రోజుకి రెండు ఉన్నాయి, ఒకటి వచ్చింది, 1/2. మూడూ గుణిస్తే 4/15. అంటే 150 రోజులు గడిచినా సుమారు 27 శాతం బిల్లులు రాకపోయే అవకాశం ఉంది. 'సగటు 100 రోజులు' అన్న మాట కన్నా ఓనర్‌కి ఇది ఎంతో పనికొచ్చే మాట.

వేల బిల్లులున్నా ఆర్‌లోని 'సర్వైవల్' ప్యాకేజీ ఈ లెక్క క్షణంలో చేసి గ్రాఫ్ గీస్తుంది. ఖరీఫ్ బిల్లులకి ఒక గీత, రబీ బిల్లులకి ఒక గీత విడివిడిగా గీయించండి. వరి కోతల తర్వాత గీత దిగిపోతే ఆ ఆలస్యం పంట క్యాలెండర్‌ది, రైతుది కాదు. ఆ తేడా చూడకుండా '90 రోజులు దాటింది, వీళ్ళకి అరువు ఆపేయండి' అని రిపోర్టు ఇస్తే, నిజాయితీగా కట్టే మనిషికి విత్తనాలు దొరక్కుండా పోతాయి. మన కోడ్ చివర ఒక మనిషి ఉంటాడని మర్చిపోకూడదు.

ట్రై చేయాలనుకుంటే టాలీ ఎడ్యుకేషనల్ మోడ్ ఫ్రీ. అందులో నెలలో కొన్ని తేదీలకే వోచర్లు వేయగలం, నేర్చుకోవడానికి అది చాలు. ఒక ఉత్తుత్తి ఎరువుల షాపు పెట్టి, పై ఐదు బిల్లుల్లాంటివి కొన్ని వేసి, ఆర్‌తో లాగి చూడండి. చేత్తో వేసిన లెక్కా, ఆర్ చెప్పిందీ కలిశాకే అసలు షాపు డేటా ముట్టుకోండి.