సముద్రగర్భమున ఆక్టోపస్ ఎదురైనచో

మన పాఠశాలలో చదివి వెళ్ళిన విద్యార్థి యొకడు గడచిన వేసవిలో తల్లిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. అతని మేనమామ కుటుంబము అండమానులలో నున్నది. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తీరమునుండి అచ్చటికి వెళ్ళి స్థిరపడిన తెలుగు జాలరులు అనేకులు. శ్రీవిజయపురమున (2024 వఱకు ఈ నగరమును పోర్టుబ్లెయిరు అనెడివారు) జంగ్లీఘాటు ప్రాంతమున నడచువానికి తెలుగు మాట వినబడుచునే యుండును. ఈ కుఱ్ఱవాడు మేనమామను చూడబోయి, అచ్చటినుండి స్వరాజ్‌ద్వీపమునకు వెళ్ళి, వీపున గాలి సిలిండరు కట్టుకొని, శిక్షకుని వెంట సముద్రములోనికి దిగినాడు.

పండ్రెండు మీటర్ల లోతున, పగడపు దిబ్బ ముగిసి తెల్లని యిసుక మొదలగుచోట, పట్టపగలు నట్టనడి బయలున ఒక పెద్ద ఆక్టోపస్ కూర్చుండి యున్నదట. అది పారిపోలేదు, దాగలేదు, వానివంకనే చూచుచుండెనట. వాని గుండె ఝల్లుమన్నది. ఊపిరి బిగబట్టి పైకి లేవబోయినాడు. శిక్షకుడు చేయి పట్టుకొని ఆపినాడు గనుక సరిపోయినది.

తల్లి యడిగిన ప్రశ్న యిది: “మాష్టారూ, వీడు మళ్ళీ వెళ్తానంటున్నాడు. వెళ్ళనివ్వమంటారా? ఆ జంతువు మనిషిని పట్టుకుంటే వదలదటగా?”

ఆనాడు నేను చెప్పిన సమాధానము తొందరలో చెప్పినది. మన పిల్లలు పలువురు చదువులకును ఉద్యోగములకును విశాఖపట్టణము పోవుచున్నారు. అచ్చటి ఋషికొండ తీరమునను ఇట్టి యీత ఇప్పుడు నేర్పుచున్నారు. కావున ఈ ప్రశ్న ఒక్క తల్లిది కాదని తోచి, కొంత నిదానముగా వ్రాయుచున్నాను.

ముందుగా పేరు సంగతి. ఆక్టోపస్ అనునది గ్రీకు మాట. ఎనిమిది పాదములు గలదని యర్థము. దానిని అష్టపాది యనవచ్చును గాని, ఒడిశాలో పెరుగుచున్న మన పిల్లలకు ఆ మాట చెవిని బడగానే జయదేవుని అష్టపదులే జ్ఞప్తికి వచ్చును. అష్టాపదమనినచో నిఘంటువులు బంగారమును, శరభమృగమును, సాలెపురుగును చూపును. ఈ చిక్కులెందుకని ఆక్టోపస్ అనియే వ్రాయుచున్నాను. తమిళ జాలరులు దీనిని పేయ్ కణవాయ్, అనగా దయ్యపు కణవాయ్, అందురు. ఐరోపావారును దీనిని దయ్యముగనే తలచిరి. 1866లో విక్టర్ హ్యూగో తన నవలలో దీనిచేత ఒక నావికుని పట్టించి పాఠకులను గడగడలాడించెను. 1870లో జూల్స్ వెర్న్ తన జలాంతర్గామి కథలో కెప్టెన్ నీమోను ఇట్టి భూతములతో పోరాడించెను. ఆ నీమో బుందేల్‌ఖండ్‌కు చెందిన మన దేశపు రాజకుమారుడేనని ఆ రచయితయే మఱియొక నవలలో బయటపెట్టినాడు. ఈ సంగతి మన పిల్లలకు చెప్పినచో సంతోషింతురు. ఏమైనను, పట్టినచో వదలదను భయము ఈ కథలనుండి పుట్టినదే గాని సముద్రమునుండి పుట్టినది కాదు.

గోపాలపురము ఒడ్డున నడచునప్పుడు తెల్లగా, తేలికగా, అండాకారముగా నుండు పలుకలు కాలికి తగులుట మీరెఱిగినదే. పసరువైద్యులు వానిని సముద్రఫేనమందురు. అది నురుగు కాదు. కటిల్‌ఫిష్ అను జంతువు దేహములోపలి పెంకు. ఆక్టోపస్ ఆ జంతువునకు జ్ఞాతి. రెండును నత్త, గవ్వ, ఆల్చిప్పల మహావంశములోనివే. కాని పెద్దలనుండి వచ్చిన పెంకును ఆక్టోపస్ విడిచిపెట్టినది. చిలుకముక్కు వంటి యొక ముక్కు తప్ప దాని దేహమున గట్టి భాగమన్నది దాదాపుగ లేదు. ఆ ముక్కు పట్టిన సందులో ఒడలంతయు పట్టును.

పెంకు లేనిదానికి దాగుటయే రక్ష. చర్మములోని రంగుసంచులను విప్పుచు ముడుచుచు అది ఒక్క సెకనులోపలనే రాతి రంగును, ఇసుక రంగును పొందగలదు. చర్మమును బుడిపెలుగా లేపి నాచుపట్టిన బండవలె కనబడగలదు. వింత యేమనగా, దాని కంటిలో రంగులను వేఱుపఱచు ఏర్పాటు లేదు. చూడని రంగును అది ఎట్లు ధరించుచున్నదో శాస్త్రజ్ఞులు ఇంకను చర్చించుకొనుచునే యున్నారు. దానికి గుండెలు మూడు. రక్తము నీలము, ఎందుకనగా మన రక్తమున ఇనుము చేయు పని దానియందు రాగి చేయును. ఇంచుమించు యేబది కోట్ల నాడీకణములు గలవు. అందు మూడింట రెండువంతులు తలలో గాక చేతులలో నున్నవి. ప్రతి చేయియు తనంత తాను తడిమి, చూషకములతో రుచి చూచి, కొంతవఱకు తానే నిర్ణయించుకొనును. అది నీటిని వెనుకకు చిమ్మి వేగముగ ఈదగలదు గాని, అట్లు ఈదునప్పుడు దేహమునకు రక్తమును పంపు ప్రధానమైన గుండె ఆగిపోవును. అందుచే త్వరగా అలసి, వీలున్నంతవఱకు నేలమీద ప్రాకుటయే మేలని యెంచును.

దాగుటకు ఇల్లు కావలెను. పాక్ జలసంధి జాలరులు పెద్ద గుల్లలను త్రాటికి వరుసగ కట్టి సముద్రమున దించెదరు. ఇల్లు దొరకినదని ఆక్టోపస్ అందు దూరును. మఱునాడు త్రాడు లాగుదురు. ఇసుకయు బురదయు గల అడుగున నివసించు ఒక చిన్నజాతి, కొబ్బరిచిప్పలను ఏరి, చేతులక్రింద ఇఱికించుకొని, కాళ్ళపై నడచినట్లు మోసికొనిపోయి, అవసరమైనప్పుడు రెండు చిప్పలను మూతవలె మూసికొని లోపల కూర్చుండును. ఇండోనేషియా సముద్రమున చూచిన ఈ సంగతిని 2009లో ప్రకటించిరి. ఆ జాతి మన దేశపు తీరములందును కలదు.

మన గంజాం తీరమున ఇట్టి యీత కుదరదు. ఋషికుల్య తెచ్చు మట్టిచే నీరు మసకగ నుండును, కెరటములు పెద్దవి, పగడపు దిబ్బలు లేవు. ఆక్టోపస్‌లు మాత్రము లేకపోలేదు. చిన్నవి చేపలతోపాటు వలలలో పడుచుండును. ఇంట తెలుగే మాటాడు మన నోలియా జాలరుల పిల్లలు తరగతిలో నున్నచో, ఈ పాఠమును వారిచేతనే చెప్పించుట మంచిది. మన వాచకము బొమ్మలో చూపినదానిని వారు చేతితో పట్టి చూచినవారు.

ఇట్లు కొబ్బరిచిప్పనైనను మోసికొనిపోవు జంతువు, ఇల్లు వదలి, బట్టబయలున, పట్టపగలు ఎందుకు కూర్చుండవలెను? మన కుఱ్ఱవాని కథలో నాకు ముఖ్యముగ తోచిన ప్రశ్న యిది.

అంతకుముందు ‘పెద్ద’ యను మాటను కొంచెము తగ్గించుకొనవలెను. నీటిలో కంటి అద్దముగుండ చూచునప్పుడు వస్తువులన్నియు మూడింట ఒకవంతు పెద్దవిగా కనబడును. మూడడుగులది నాలుగడుగులుగ తోచును. భయము మిగిలినదానిని పెంచును. ఆక్టోపస్ జాతులలో మిక్కిలి పెద్దది ఉత్తర పసిఫిక్ సముద్రపు చల్లని నీటిలో నుండును. చేతులు చాచినచో నాలుగు మీటర్లకు మించవచ్చును. అది మన సముద్రములకు రాదు. అండమాను పగడపు దిబ్బలయందు కనబడు పెద్దది పగటి ఆక్టోపస్. దాని చేయి మీటరునకు దగ్గరగా, అనగా చాచినచో బారెడు పైచిలుకుగా నుండవచ్చును. పేరునకు తగినట్లు అది పగలే వేటాడును. పీతలకొఱకు బయలు దాటిపోవుట దానికి వింత కాదు. మగది ఆడుదానిని వెదకుచు తిరుగుటయు కలదు. ఈ రెండు సందర్భములలోను మనుష్యుని చూచిన క్షణమున అది రంగు మార్చును, లేదా పాలిపోయి చేతులమధ్యనున్న పొరను గొడుగువలె విప్పి కన్నుల చుట్టు నలుపు తెచ్చుకొని బెదరించును, లేదా సిరా చిమ్మి పోవును. కూర్చుండి చూచుచుండదు.

మూడవ కారణము ముసలితనము. ఈ జంతువునకు ఆయువు స్వల్పము. పగటి ఆక్టోపస్ ఏడాది, ఏడాదిన్నరకన్న బ్రదుకదు. బ్రదుకున ఒక్కసారియే సంతానము. ఆడుది గ్రుడ్లను గుహ లోకప్పునకు తోరణములవలె వ్రేలాడదీసి, వానిపైకి నీటిని ఊదుచు, చేతులతో తుడుచుచు కావలి కాయును. ఆ కాలమున ఆహారము ముట్టదు. పిల్లలు వెలువడునాటికి చిక్కి శల్యమై మరణించును. లోతు సముద్రపు జాతియొకటి, కాలిఫోర్నియా తీరమున మాంటెరే లోయలో, 2007 మొదలు 2011 వఱకు, ఏబదిమూడు నెలలు అట్లే గ్రుడ్లమీద నున్నట్లు పరిశోధకులు మరల మరల దిగి చూచిరి. మగదియు సంగమానంతరము ఎక్కువ కాలము నిలువదు. ఆకలి నశించును, చర్మముపై తెల్లని మచ్చలు, మానని పుండ్లు ఏర్పడును, దాగవలెనను తెలివి తప్పి, పగలనక రేయనక బయళ్ళలో తిరుగును. చేపలు చేతులను కొఱికినను పట్టించుకొనదు.

ఇది రోగము కాదు. దేహములోనే వ్రాసియున్న ముగింపు. 1977లో జెరోమ్ వోడిన్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు గ్రుడ్లు కాయుచున్న ఆడు ఆక్టోపస్‌ల కన్నులవెనుక నుండు రెండు చిన్న గ్రంథులను తొలగించి చూచెను. అవి గ్రుడ్లను విడిచి, మరల ఆహారము తిని, బలిసి, మిగిలినవానికన్న ఎక్కువ కాలము బ్రదికినవి. తల్లిని చంపునదియు, గ్రుడ్లను కాపాడునదియు ఒకే గ్రంథి యన్నమాట. ఈ సంగతి తొలిసారి చదివిననాడు నాకు చాలసేపు ఇతర పని తోచలేదు.

ఇక తల్లియొక్క భయము. ఆక్టోపస్ మనుష్యుని ఆహారముగ నెంచదు. చేయి చాచి తాకినచో రుచి చూచుటకే. ఒకవేళ చేతినో అద్దమునో పట్టుకొన్నను పెనుగులాడరాదు; లాగినకొలది చూషకములు బిగియును. కదలక యున్నచో విసిగి వదలును. దానిని మనము పట్టుకొనుట, ఇల్లు వదలించుట, చేతిలోనికి తీసికొని చిత్రములు తీయించుకొనుట మాత్రము చేయరాదు. ముక్కుతో కఱచును, లాలాజలమున విషము కలదు. నిజముగ ప్రాణాపాయమైనది పెద్దది కాదు. నిమ్మకాయంత దేహముతో, ఒంటిపై మెఱయు నీలివలయములు గల చిన్నజాతి యొకటి కలదు. దాని విషమునకు విఱుగుడు మందు లేదు. కావున ఒడ్డున నీటిమడుగులలో అందముగ కనబడినదెల్ల పిల్లలు చేతబట్టకుండ చూడవలెను.

మన కుఱ్ఱవానికి తప్పిన గండము వేఱు. పది మీటర్ల లోతున నీటి యొత్తిడి ఉపరితలమున నున్నదానికి రెట్టింపు. అచ్చట ఊపిరితిత్తుల నిండ పీల్చిన గాలి పైకి వచ్చునప్పటికి రెండింతలగును. ఊపిరి విడుచుచు మెల్లగా వచ్చువానికి బాధ లేదు. బిగబట్టి దూసికొని వచ్చువాని ఊపిరితిత్తులు చినిగి, గాలిబుడగలు రక్తమున చేరి ప్రాణము తీయవచ్చును. సిలిండరుతో దిగువానికి మొదటి నియమము ఊపిరి ఎన్నడును బిగబట్టకుండుటయే. ఆ దినమున వానిని చంపగలిగినది ఎదుటనున్న ఆక్టోపస్ కాదు, వాడు బిగబట్టిన ఊపిరి.

అందుచే ఆ తల్లికి నేను చెప్పదలచిన షరతులు ఇవి. ఉబ్బసము, గుండెజబ్బు, చెవిపోటు ఉన్నచో దాచక ముందు వైద్యునికి చూపవలెను, జలుబుతో దిగరాదు. అర్హతపత్రము గల శిక్షకుని విడిచి చేయిదూరము పోరాదు. ఏది కనబడినను మొదట శ్వాస, తరువాత చూపు. నీటినుండి వచ్చిన పదునెనిమిది గంటలలోపల విమానమెక్కరాదు. అండమానులకు పోవువారు సెలవు తక్కువైనదని మఱచునది దీనినే. వీనికి ఒప్పుకొన్నచో వెళ్ళనివ్వవచ్చును.

కుఱ్ఱవాడు తన ఫోనులో శిక్షకుడు తీసిన చిత్రమును చూపినాడు. నేను కన్నద్దములు పెట్టుకొని చూచితిని. ఆక్టోపస్ చర్మముపై సున్నము చిందినట్లు తెల్లని మచ్చలు. ఒక చేతికి కొన లేదు. “అది నిన్ను బెదిరించలేదురా, దానికి కాలం దగ్గరపడింది” అంటిని. వాడు ఫోను తీసికొని ఆ చిత్రమును పెద్దదిగ చేసి చాలసేపు చూచెను. తల్లియు ప్రక్కనుండి తొంగిచూచి, “పిల్లల్ని పెట్టిందంటారా?” అని యడిగినది. చిత్రమునుబట్టి ఆడుదో మగదో చెప్పలేనంటిని.

ఫిబ్రవరిలో మరల వెళ్ళుటకు వాడు టిక్కెట్టు తీసికొన్నాడు. తిరుగు ప్రయాణము ఒక దినము వెనుకకు మార్చుకొన్నాడట.