భీమిలిలో రెండు రోజులు: టూరిస్టులా కాదు, ఊళ్లో మనిషిలా

 

నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "శని, ఆదివారాలు ఎక్కడికో వెళ్లొస్తున్నాం, సోమవారం పొద్దున లేచేసరికి ఒళ్లు ఇంకా బరువుగా ఉంటోంది. ఎందుకంటారు?" అని. ఎందుకంటే మనం ఆఫీసును కూడా వెంట తీసుకెళ్తున్నామండి. పదింటికి ఫలానా పాయింటు, పన్నెండింటికి ఇంకో పాయింటు, మధ్యలో ఫొటోలు. చోటు మారిందంతే, పరుగు మారలేదు.

నేను కొన్నేళ్లుగా వీలైనప్పుడల్లా భీమిలి వెళ్తుంటాను. అక్కడ ఏ పరుగూ పెట్టుకోను, ఊరు ఎలా నడిస్తే అలా నడుస్తాను. ఈ ఎపిసోడ్‌లో అదెలాగో చెప్తాను.

ముందు ఊరి గురించి రెండు ముక్కలు. భీమునిపట్నం విశాఖకు పాతిక కిలోమీటర్ల దూరంలో, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉంది. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ వర్తకం చేశారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. 1861లోనే మున్సిపాలిటీ అయింది. అందుకే చిన్న ఊరైనా గంటస్తంభం, లైట్‌హౌస్, పాత చర్చి, డచ్చివాళ్ల సమాధులు అన్నీ నడిచి తిరిగేంత దగ్గరలో ఉంటాయి. కారు అక్కర్లేదు. విశాఖ నుంచి రుషికొండ మీదుగా సిటీ బస్సులో వెళ్లిపోవచ్చు. బస్సు దిగాక మీ కాళ్లే మీ బండి.

సరే, శనివారం పొద్దున. తెల్లారకముందే లేవండి. రాత్రిళ్లు నేల తొందరగా చల్లబడుతుంది, సముద్రం అంత తొందరగా చల్లబడదు. అందుకని గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. పగలు ఎండకి నేల వేడెక్కాక గాలి తిరగబడి సముద్రం మీంచి ఒడ్డుకు వీస్తుంది. తెరచాప తెప్పల రోజుల్లో జాలర్లు ఆ గాలితో చీకట్లో వెళ్లి, ఈ గాలితో తిరిగొచ్చేవారు. ఇప్పుడు మోటార్లు వచ్చాయి, కానీ ఊరి అలవాటు చాలావరకు అలాగే ఉంది. ఏడున్నరకి దిగి "సముద్రం ఎంత బాగుందో" అనుకునేసరికి అక్కడ సగం పని అయిపోయి ఉంటుంది.

పడవలు రాగానే ఒడ్డునే పాట మొదలవుతుంది. కాస్త పక్కన నిలబడి చూడండి. పాట పాడేవాళ్లు, గంపలు ఎత్తేవాళ్లు, బేరం తేల్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. వాళ్ల దగ్గర కొనేటప్పుడు వంజరం, చందువ అని పట్టుబట్టకండి. ఆ రోజు ఏది పడితే అది కొనండి. కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు చవగ్గా వస్తాయి, రుచిలో దేనికీ తీసిపోవు. మొప్పలు ఎర్రగా, కళ్లు తేటగా ఉండాలి, వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి లేవాలి. అంతే పరీక్ష.

ఇంకో మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మోటారు పడవల వేటకి నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పెరగాలని. ఆ రోజుల్లో వెళ్తే ఎండుచేపల కూర తినండి, తాటిముంజెలు తినండి. ఊరు అప్పుడు ఏం తింటుందో అదే మనమూ తినాలి కదా.

బస విషయానికొస్తే, చిన్న వంటగది ఉన్న గది చూసుకోండి. నేను శనివారం మధ్యాహ్నం చేపల పులుసు పెట్టేసి, ఆదివారం పొద్దున తింటాను. రాత్రంతా ఊరిన పులుసు రుచే వేరు, పైగా ఆదివారం వంట పనీ ఉండదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బయటికి వెళ్లకండి. ఊరంతా నిద్రపోతుంది, మీరూ పడుకోండి. సెలవులో మనం పోగొట్టుకునేది ఆ నాలుగు గంటలేనండి.

సాయంత్రం ఓ ముంత మసాలా పట్టుకుని గంటస్తంభం దగ్గర్నుంచి ఒడ్డుదాకా నడవండి. ఆదివారం పొద్దున ఓపికుంటే పావురాళ్లకొండ ఎక్కండి. నరసింహస్వామి గుడి ఉంది, ఒకప్పటి బౌద్ధ క్షేత్రం ఆనవాళ్లున్నాయి, వాన నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లున్నాయి. ఓపిక లేదా, మానేయండి. కొండ ఎక్కడికీ పోదు.

ఇప్పుడు అసలు మాట. మనకి విహారమైన ఒడ్డు వాళ్లకి పని చేసుకునే చోటు. అలివి వల లాగేటప్పుడు పదుల మంది వట్టి కాళ్లతో ఇసుకలో వెనక్కి నడుస్తారు. శనివారం రాత్రి మనవాళ్లు పగలగొట్టిన సీసా పెంకు ఆదివారం పొద్దున ఆ కాళ్లలోనే దిగుతుంది. కాలు తెగితే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే మన చెత్త మనమే సంచిలో వేసుకుని తెచ్చేయాలి. ఫొటో తీసేముందు అడగాలి. దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూస్తే దూరం నుంచే చూడాలి. వేల ఏళ్లలో పేరుకున్న ఇసుక అది, ఎక్కి తొక్కితే రాలిపోతుంది, మళ్లీ పేరుకోదు.

నది కలిసే చోట ఈతకి దిగకండి. పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది, లోపల ప్రవాహం లాగేస్తుంది. "ఇక్కడ దిగొచ్చా అమ్మా?" అని ఒడ్డున ఎవర్నైనా అడగండి. వాళ్లు వద్దంటే ఇంక మాట్లాడకండి, వద్దంతే.

నాలుగైదుసార్లు ఒకే ఊరికి వెళ్తే ఏమవుతుందంటే, టీ కొట్టు దగ్గర మిమ్మల్ని గుర్తుపడతారు. "ఏటి బాబూ, మొన్న వారం రాలేదేటి?" అని అడుగుతారు. మనం రాకపోతే గమనించే ఊరు ఇంకొకటి దొరికిందన్నమాట. పది ఊళ్లు చుట్టినా అది రాదండి.

ఈ శనివారం కుదిరితే ప్రయత్నించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.