మరమ్మతు అయిన మోటారు యంత్రము ఏల ఊరక పరుగెత్తును?

మగ్గమును బాగుచేసిన మరునాడు నేతలో దోషము కనబడినచో మన పెద్దలు మొదట ఎచ్చట వెదకుదురు? నిన్న చేయి పెట్టినచోటనే వెదకుదురు. అరుప్పుకోట్టైలో మగ్గముల చప్పుడు వినుచు పెరిగిన మనకు ఈ మాట ఒకరు చెప్పనక్కరలేదు. కాని ఇదే న్యాయము మోటారు బండికిని చెల్లునని మాకు కొంత ధనవ్యయము, కొంత భయము అనుభవించిన పిదప గాని బోధపడలేదు. మన పాఠశాల తల్లిదండ్రులలో బండ్లు గలవారును, బిడ్డలను బాడుగ బండ్లలో పంపువారును పెక్కురు కలరు. కావున మేము నేర్చుకొన్నదానిని ఇచ్చట విన్నవించుచున్నాము.

మా యింట పాత అంబాసిడరు కారొకటి కలదు. యంత్రపు హెడ్డు గాస్కెట్టు మార్చుటకై దానిని ఒక వర్కుషాపునందు మూడు దినములుంచితిమి. తిరిగి వచ్చిన సాయంకాలము పిల్లలను ఎక్కించుకొని విరుదునగరమునకు బయలుదేరితిమి. ఊరు దాటకమునుపే సంగతి తెలిసినది. యాక్సిలరేటరు మీదినుండి కాలు తీసినను యంత్రపు హోరు తగ్గలేదు. క్లచ్చి తొక్కగానే హోరు మరింత హెచ్చెను; వదలగానే బండి ముందుకు ఉరికెను. ఎదుట జనము, లోపల బిడ్డలు. బ్రేకు మీద కాలు బిగబట్టి ఇల్లు చేరితిమి. మరునాడు ఫిట్టరు ఒక స్క్రూను త్రిప్పి వేగము తగ్గించి పంపెను. రెండు దినములు గడచునప్పటికి, ప్రొద్దున చల్లగా ఉన్నపుడు యంత్రము నిలువక ఆగిపోవుటయు, వేడెక్కిన పిదప ఎగుడుదిగుడుగా పరుగెత్తుటయు మొదలయ్యెను. తుదకు మరియొక వృద్ధ ఫిట్టరు చూడగా, కార్బ్యురేటరు అడుగున వేసిన పలుచని గాస్కెట్టు చీలియున్నట్లు తేలినది. దోషము స్క్రూలో లేదు; స్క్రూ ఆ దోషమును కప్పిపుచ్చినది, అంతే.

బండి నిలిచియుండి, కాలు యాక్సిలరేటరు మీద లేనపుడు యంత్రము తనంతట తాను తిరుగుటను ఐడ్లింగు అందురు. పెట్రోలు కారులలో యంత్రము వేడెక్కిన పిదప ఈ వేగము సాధారణముగా నిమిషమునకు 700 మొదలు 900 చుట్ల వరకు ఉండును. ఖచ్చితమైన సంఖ్య ఆ బండితో ఇచ్చిన పుస్తకమునందు ఉండును. చల్లని యంత్రము మొదట 1,200 చుట్లు తిరిగినను అది దోషము కాదు; వేడెక్కిన కొలది వేగము దిగిరావలెను. అట్లు దిగిరానిచో మాత్రమే కారణము వెదకవలెను.

పెట్రోలు యంత్రమునకు గాలియే కళ్లెము. లోనికి పోవు గాలి ఎంతో, దానికి తగినంత పెట్రోలు కలిసి అంత బలము పుట్టును. గాలి పోవు మార్గమున నాణెము వంటి గుండ్రని రేకొకటి ఇరుసు మీద తిరుగును. దానిని త్రాటిలు రేకు అందురు. యాక్సిలరేటరు తొక్కినపుడది తెరచుకొనును. కాలు తీయగానే స్ప్రింగు దానిని మూసివేయును. దీనిని ఒక తలుపుగా భావింపుడు. యంత్రము మన ఆజ్ఞ లేక పరుగెత్తినచో తరచుగా రెండే కారణములు: తలుపు పూర్తిగా మూసికొనకపోవుట, లేక తలుపు మూసియున్నను గోడకు కన్నముండుట.

మొదట తలుపును చూడవలెను. ఈ పరీక్షకు యంత్రమును ఆపియే చూడవచ్చును, ఖర్చేమియు లేదు. కాలి క్రింది చాప యాక్సిలరేటరును నొక్కుచున్నదేమో చూడుడు. యాక్సిలరేటరు కేబులు కొంచెము వదులుగా ఉండవలెను. మరమ్మతులో దానిని బిగుతుగా కట్టినను, మెలిక పడునట్లు మరియొక దారిని త్రిప్పినను రేకు తెరచియే ఉండును. ఊడదీసిన స్ప్రింగును తిరిగి తగిలించిరా? పాత బండ్లలో చోకు పూర్తిగా వెనుకకు పోయినదా? చోకు సగము లాగియున్నచో అది వేగమును హెచ్చించియే ఉంచును.

తలుపు సరిగా ఉన్నచో ఇక గోడను చూడవలెను. త్రాటిలు రేకునకు ఆవల, యంత్రము వైపున, గాలిని బలముగా పీల్చు శక్తి కలదు. అచ్చట ఏ సందు ఉన్నను గాలి తలుపుతో పనిలేక లోనికి జొరబడును. కార్బ్యురేటరు అడుగు గాస్కెట్టు, గాలిగొట్టము హెడ్డుతో కలియుచోటి గాస్కెట్టు, అచ్చటినుండి పోవు రబ్బరు గొట్టములు, వీనిని పరీక్షింపవలెను. ఊడిన గొట్టమునొద్ద తరచుగా బుస్సుమను శబ్దము వినబడును. యంత్రము తిరుగుచుండగా రబ్బరు గొట్టములను ఒక్కొక్కదానిని నొక్కి పట్టినపుడు, ఏ గొట్టమును నొక్కిన వేగము దిగునో, ఆ గొట్టపు మార్గముననే దోషమున్నదని అనుమానింపవచ్చును. అతుకుల మీద కొద్దిగా నీటి తుంపరలు చల్లినపుడు శబ్దము మారినచో అచ్చట సందు కలదు. కరెంటు తీగలపై నీరు పడనీయరాదు. కొందరు ఈ పరీక్షకు పెట్రోలు చల్లుదురు. కాలుచున్న పొగగొట్టము ప్రక్కన అది నిప్పుతో చెలగాటము. ఎంతమాత్రము కూడదు.

మూడవ కారణము గాలికి సంబంధింపనిది. మరమ్మతులో డిస్ట్రిబ్యూటరును తీసి మరల పెట్టినపుడు, నిప్పురవ్వ పుట్టు సమయము ముందుకు జరిగినచో ఐడ్లింగు వేగము హెచ్చును. దీనిని టైమింగు దీపముతో సరిచూడవలెనే గాని చెవితో ఊహింపరాదు.

కొత్త బండ్ల సంగతి కొంత వేరు. మన దేశమున 2000వ సంవత్సర ప్రాంతమున పొగ నియమములు బిగియగా, పెట్రోలు కారులలో కార్బ్యురేటరునకు బదులుగా ఇంజెక్షను పద్ధతి వచ్చినది. అంబాసిడరు తయారీయే 2014లో నిలిచిపోయినది. ఈ కొత్త యంత్రములలో ఐడ్లింగును కంప్యూటరు నడుపును. త్రాటిలు రేకు చుట్టును మడ్డి పేరుకొన్న కొలది కొన్ని బండ్లలో అది రేకును కొంచెము హెచ్చుగా తెరచుట అలవాటు చేసికొనును. మడ్డిని శుభ్రము చేసిన దినమున ఆ పాత అలవాటే మిగిలి వేగము హెచ్చును. బ్యాటరీ తీసి పెట్టినను నేర్చినది మరచిపోవచ్చును. అప్పుడు ఆ బండి పుస్తకమున చెప్పిన క్రమమున దానికి మరల నేర్పవలెను. నీటి వేడిని తెలుపు సెన్సారు తీగను తగిలించుట మరచినచో, యంత్రము ఇంకను చల్లగా ఉన్నదని భ్రమపడి కంప్యూటరు వేగమును దింపకపోవచ్చును. రేడియేటరు పని చేసిన పిదప నీటిలో గాలిబుడగలు నిలిచినను ఇట్టి భ్రమ కలుగవచ్చును. కన్నములు, ఊడిన గొట్టములు మాత్రము కొత్త బండికిని పాత బండికిని సమానమే.

వేగము హెచ్చినంతమాత్రమున ఏమి నష్టమని కొందరు అడుగుదురు. పెట్రోలు వృథా యగుట చిన్న నష్టము. కన్నమునుండి దొంగగాలి పోవునపుడు మిశ్రమము పలుచనై యంత్రము అధికముగా వేడెక్కును. కాలక్రమమున వాల్వులు చెడవచ్చును. అన్నిటికంటె ముఖ్యము మరియొకటి. అనేక బండ్లలో బ్రేకునకు సాయపడు బూస్టరు కూడ ఆ పీల్చు శక్తి మీదనే ఆధారపడును. ఆ గొట్టము ఊడినచో యంత్రము పరుగెత్తుటయు, బ్రేకు రాయివలె గట్టిపడుటయు ఒక్కసారిగా సంభవించును. స్క్రూ త్రిప్పి హోరును అణచినవాడు, బిడ్డలతో పోవు బండికి రావలసిన హెచ్చరికను అణచినవాడగును.

త్రోవలో యంత్రము అకస్మాత్తుగా పరుగెత్తినచో బెదరక క్లచ్చి తొక్కి, గేరు న్యూట్రలు చేసి, బ్రేకు గట్టిగా తొక్కి బండిని ప్రక్కకు నిలిపి, పిదప తాళము త్రిప్పి ఆపవలెను. బండి కదలుచుండగా తాళము పూర్తిగా తీసినచో స్టీరింగు బిగిసిపోవచ్చును. ఇంట పరీక్షించునపుడు చేతి బ్రేకు వేసి, గేరు న్యూట్రలులో ఉంచవలెను. పైపంచె, జడ, చీర కొంగు ఫ్యాను బెల్టునకు దూరముగా ఉండవలెను. తలుపులు మూసిన షెడ్డులో యంత్రమును నడుపరాదు. ఆ పొగలోని విషవాయువునకు వాసన లేదు.

డీజిలు బండ్లకు ఈ వివరములు యథాతథముగా చెల్లవు. పాత డీజిలు యంత్రమున వేగమును ఇంజెక్షను పంపులోని గవర్నరు నడుపును. దాని ముద్ర వేసిన స్క్రూలను తెలియనివారు ముట్టరాదు.

కోయంబత్తూరు చెంత కలంగల్ గ్రామమున 1893లో తెలుగు కుటుంబమున జన్మించిన జి.డి. నాయుడుగారు యువకుడుగా ఉన్నపుడు కష్టించి కూడబెట్టిన సొమ్ముతో మోటారు సైకిలొకటి కొని, దానిని ఊడదీసి మరల కూర్చి యంత్రవిద్య నేర్చిరి. 1920లో పొళ్ళాచ్చి, పళని మధ్య బస్సు నడుపుట మొదలిడి, పిదప గొప్ప యంత్రశిల్పి యైరి. ఊడదీయుట విద్యలో సగమే. తీసినది తీసినట్లు తిరిగి కూర్చి, కూర్చినదానిని సరిచూచుట మిగిలిన సగము.

కావున మరమ్మతు చేయించిన తల్లిదండ్రులు బండిని తీసికొనునపుడు ఫిట్టరును మర్యాదగా మూడు ప్రశ్నలు అడుగుడు: ఏమేమి ఊడదీసితిరి? ఏ గాస్కెట్టు కొత్తది వేసితిరి? ఏ స్క్రూ త్రిప్పితిరి? బండి వేడెక్కు వరకు అచ్చటనే నిలిచి హోరు వినుడు. ఈ విద్య నేర్చుకొను మన బిడ్డలకును ఈ ప్రశ్నలే మొదటి పాఠము కావలెను. తెగిన పోగును ముడివేయక పడుగును బిగించువాడు నేతగాడు కానట్లే, కన్నమును మూయక స్క్రూ త్రిప్పువాడు ఫిట్టరు కాడు.