గజ్జి మందు ఒక్కరికి కాదు, ఇంటిల్లిపాదికీ రాయాలి

రాత్రి పక్కమీద వాలగానే దురద, వేళ్ల సందుల్లో, మణికట్టు వద్ద, మొలతాడు కట్టేచోట సన్నని పొక్కులు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఇలా ఉంటే అది గజ్జి అని అనుమానించాలి. వేడి చేసి, నెత్తురు చెడి గజ్జి వస్తుందన్న మాట సరికాదు. కంటికి సరిగా ఆనని పురుగు దీనికి కారణం. ఆడ పురుగు చర్మాన్ని తొలిచి రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో అవి పిల్లలవుతాయి.

ఒకే చాపమీద, ఒకే దుప్పటి కింద పడుకునే వారికి ఇది త్వరగా అంటుకుంటుంది. తొలిసారి సోకినవారికి దురద పుట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. ఈలోగానే వారినుంచి ఇతరులకు పాకుతుంది. గోక్కునే పిల్లవాడికి మాత్రమే మందు రాస్తే, దురద తెలియని అక్క నుంచో, నాయనమ్మ నుంచో మళ్లీ వాడికే వస్తుంది. 'ఎన్ని మందులు వాడినా తగ్గలేదు' అనే ఇళ్లలో తరచు జరిగేది ఇదే.

మూడు రాత్రుల మందు

గజ్జి పురుగుకు గంధకం పాతకాలం నాటి విరుగుడు. వాసెలిన్‌లో నూటికి 5 నుంచి 10 పాళ్లు గంధకం కలిపిన లేపనాన్ని స్నానం చేసి ఒళ్లు ఆరాక మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద సైతం రాయాలి. ఇలా వరుసగా మూడు రాత్రులు చేయాలి. వాసన వేస్తుంది, బట్టలకు మరకలవుతాయి. అయినా నెలల పసికందులకు, గర్భిణులకు వైద్యులు దీన్ని సూచిస్తారు. పసివారికి తలకు కూడా రాయాలి. మిగిలినవారికి ఇప్పుడు ఎక్కువగా ఇచ్చేది 5 శాతం పెర్మెత్రిన్ లేపనం. దాన్ని రాత్రి రాసి ఉదయం కడిగి, వారం తర్వాత మరోసారి రాయాలి. ముడి గంధకాన్ని నూరి నూనెలో కలిపి పూస్తే మోతాదు మించి చర్మం మండుతుంది.

చీము పడితే

గోకిన చోట చీము పడితే మ్యుపిరోసిన్ వంటి యాంటీబయాటిక్ లేపనం కావాలి. అది పుండును మాన్పుతుందే గానీ పురుగును చంపదు. రెండు మందులూ అవసరమే. చీము పుండ్లను అశ్రద్ధ చేస్తే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. పిల్లల ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రబడినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. డాక్టరు చీటీ లేకుండా కొనే స్టిరాయిడ్ లేపనాలు దురదను అణచి రోగాన్ని ముదరబెడతాయి.

మందు రాసే రోజే అందరి బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకలేని వాటిని సంచిలో మూటగట్టి నాలుగు రోజులు పక్కన పెడితే పురుగు చస్తుంది. పురుగు చచ్చాక కూడా దురద రెండు నుంచి నాలుగు వారాలుంటుంది. మందు పనిచేయలేదని కంగారుపడి రోజూ రాయరాదు. నెల దాటినా దురద తగ్గకపోతే, కొత్త పొక్కులు లేస్తుంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మళ్లీ చూపించుకోవాలి.