చుక్క పెడితే ఒక మాట... పెట్టకపోతే మరో మాట!

'పొజిషన్' అంటే పరిస్థితి. 'పొజెషన్' అంటే ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉందన్న సంగతి. మామూలు రాతలో ఈ రెండింటికీ పొంతనే లేదు. పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్‌లో మాత్రం రెండింటికీ ఒకటే గీత! పక్కన చిన్న చుక్క పెడితే పొజిషన్, పెట్టకపోతే పొజెషన్. గట్టు తగాదాలూ పట్టా పేచీలూ నడిచే మార్కాపురం, గిద్దలూరు లాంటి కోర్టుల్లో ఆ చుక్క విలువేంటో స్టెనోగ్రాఫర్‌ని అడగాలి. (రికార్డుల్లో భూయజమాని పేరు రాయాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసినందుకు, 'చుక్కల భూముల' కోసం 2017లో రాష్ట్రం ఏకంగా ఓ చట్టమే చేయాల్సి వచ్చింది. అది వేరే కథ!)

ఇంగ్లిషు సినిమాల్లో కోర్టు సీను చూసే ఉంటారు. జడ్జి ముందు ఒకావిడ బుల్లి మిషన్ మీద చప్పుడు లేకుండా వేళ్లు ఆడిస్తుంటుంది. అదే స్టెనోటైప్. దానికి ఉండేవి 22 మీటలే. హార్మోనియం మెట్లలా నాలుగైదు కలిపి ఒక్కసారే నొక్కితే ఒక ధ్వని, ఒక్కోసారి మొత్తం మాటే పడిపోతుంది. అమెరికాలో కోర్టు రిపోర్టర్ల గుర్తింపు పరీక్ష నెగ్గాలంటే సాక్ష్యాన్ని నిమిషానికి 225 పదాల వేగంతో అందుకోవాలి. ఒక్కో అక్షరం కొడుతూ కూర్చుంటే అయ్యే పనికాదు. అందుకే 'బ్రీఫ్స్' పేరుతో పొట్టిరూపాలు కల్పించుకుంటారు. కొత్తది దొరికితే దాచుకోరు, తోటివాళ్లతో పంచుకుంటారు.

మన కోర్టుల్లో ఆ మిషన్ పాతుకోలేదు. ఇక్కడ పెన్సిలూ నోట్‌బుక్కే. ఐజాక్ పిట్‌మన్ 1837లో అచ్చువేసిన పద్ధతే ఆధారం. హయ్యర్ గ్రేడ్ పాసవ్వాలంటే ఇంగ్లిషులో నిమిషానికి 120 పదాలు రాయాలి. 'లెర్నెడ్ కౌన్సెల్ ఫర్ ది పిటిషనర్' అని జడ్జిగారు పలికితే, చెయ్యెత్తకుండా ఒక్క మెలికలో ముగించేయడం చెయ్యి తిరిగినవాళ్ల పని. ఇలాంటివి పుస్తకంలో కొన్నే ఉంటాయి. మిగతావి సీనియర్ల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే. టైపు కాగితం మీదా పొట్టిమాటల రాజ్యమే... మొదటి ముద్దాయి 'ఏ1', ప్రాసిక్యూషన్ తొలి సాక్షి 'పీడబ్ల్యూ1', స్వాధీనం చేసుకున్న కత్తో కర్రో 'ఎంవో1'.

చిక్కల్లా సొంత గుర్తులతోనే. వేగం కోసం తనకు తోచిన మెలిక పెట్టుకున్నాయన సెలవు పెడితే, ఆ నోట్‌బుక్కు పక్క సీటాయనకు బ్రహ్మలిపే! పంచుకున్న గుర్తయితే ఎవరైనా విప్పగలరు.

సాక్ష్యం సంగతి ఇంకా సున్నితం. సాక్షి తెలుగులో చెబుతాడు. చాలాచోట్ల అది ఇంగ్లిషై కాగితమెక్కుతుంది. 'తోశాడు' కాస్తా 'కొట్టాడు' అయిందంటే కేసే మారిపోతుంది. అందుకే రాసింది సాక్షికి చదివి వినిపించాలని పాత నేరవిచారణ చట్టం చెప్పింది. 2024 జులై 1న దాని స్థానంలో వచ్చిన కొత్త సంహిత కూడా 313వ సెక్షన్‌లో అదే మాట చెబుతోంది. తనకు అర్థమయ్యే భాషలో వినిపించమని అడిగే హక్కు సాక్షికి ఉంది. తప్పుంటే అక్కడికక్కడే చెప్పాలి.

ఇప్పుడు కంప్యూటరే విని రాసే కాలం. సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరి 21న ఒక రాజ్యాంగ ధర్మాసనం వాదనలను కృత్రిమ మేధతో రాయించింది. కేరళ హైకోర్టు 2025 నవంబరు 1 నుంచి కింది కోర్టుల్లో సాక్ష్యాల నమోదుకూ అలాంటి సాఫ్ట్‌వేర్‌నే వాడమంది. ఇక్కడికొస్తే దాని చెవికి పెద్ద పరీక్షే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. ఈ బోనెక్కే సాక్షి నోట సీమ యాసా కోస్తా మాటా కలిసే వస్తాయి!