వంటయింటి గ్యాసు - గాలి దారి, తొలి మంట

నిప్పు మానవునకు మిత్రము. అది అదుపు తప్పిననాడు అంతకు మించిన శత్రువు లేదు. పట్టిసీమ వంటి గోదావరి తీర గ్రామాలలో ఒకప్పుడు ప్రతి యింట కట్టెల పొయ్యి పొగలు గ్రక్కుచుండెడిది. 1999లో దీపం పథకము, 2016లో ఉజ్వల పథకము వచ్చిన పిదప పల్లెటూళ్ళలోను గ్యాసు పొయ్యిల వాడుక పెరిగినది. తల్లుల కన్నులకు పొగ బాధ తగ్గినది. అయితే పొయ్యితోపాటు దానిని గూర్చిన జ్ఞానము కూడ ఇంటికి రావలెను.

సిలిండరులోని గ్యాసు ప్రధానముగా ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమము. ఇది గాలికంటె బరువైనది. కనుక లీకైనప్పుడు పైకి పోక, నీటివలె నేలబారున ప్రాకి మూలలలో నిలుచును. గొట్టపు లైనుల ద్వారా వచ్చు సహజవాయువు ప్రధానముగా మీథేను. అది గాలికంటె తేలిక గనుక కప్పు క్రింద చేరును. అందువలన సిలిండరు వాడు వంటయింటి గోడలో నేలమట్టమున రంధ్రము తప్పక ఉండవలెను. సహజవాయువు వాడుచోట కప్పు సమీపమున ఉండవలెను. రెండు చోట్లను ఉన్నచో మరింత మేలు.

గాలి మరియొక కారణమున కూడ అవసరము. ఒక పాలు ప్రొపేను పూర్తిగా మండుటకు సుమారు 24 పాళ్ళ గాలి కావలెను. అది చాలనిచో కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హిమోగ్లోబినుతో ప్రాణవాయువుకంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా కూడుకొని, తెలియకుండ ప్రాణము తీయును. శీతల దేశాలలో గదిని వేడి చేయు గ్యాసు కుంపట్లకు పొగగొట్టమును అమర్చుట ఇందుకొరకే. మన యిండ్లలో తలుపులు మూసిన స్నానపు గదిలోని గ్యాసు గీజరు కూడ అంతటి ప్రమాదకరమైనదే. దానిని గదికి వెలుపల, గాలి ఆడుచోట అమర్చవలెను.

ఇక తొలిసారి వెలిగించు విధానము. సిలిండరును నిలువుగా నేలపై ఉంచి, పొయ్యిని దానికంటె ఎత్తైన గట్టుపై పెట్టవలెను. కిటికీలు తెరువవలెను. సిలిండరు మూతిలో రబ్బరు వాషరు ఉన్నదో లేదో చూచి, రెగ్యులేటరును సరిగా బిగించవలెను. పొయ్యి మీటలు మూసియుండగానే రెగ్యులేటరును తెరచి, అతుకులకు సబ్బునురుగు పూయవలెను. బుడగలు లేచినచో లీకున్నదని అర్థము. అగ్గిపుల్లతో పరీక్షించుట ప్రాణముతో చెలగాటము. లీకు లేదని తెలిసిన తరువాత ముందు అగ్గిపుల్ల గీసి, ఆ పిమ్మట మీట త్రిప్పవలెను. క్రొత్త గొట్టములో గాలి నిండియుండును గనుక మంట వెంటనే అంటకపోవచ్చును. అప్పుడు మీట మూసి, గ్యాసు చెదరిపోవునంతవరకు ఆగి, మరల ప్రయత్నించవలెను. మంట నీలముగా ఉన్నచో గాలి చాలినట్లు. పసుపుపచ్చగా మారి గిన్నెలకు మసి పట్టినచో బర్నరును శుభ్రపరచవలెను.

2022 జూలైలో వలె గోదావరి వరద ఇండ్లలోనికి వచ్చినప్పుడు, మునిగిన రెగ్యులేటరును, గొట్టమును మెకానిక్కు పరీక్షించనిదే వాడరాదు. అదియు మరల తొలి మంట వంటిదే.

గ్యాసుకు సహజముగా వాసన లేదు. లీకు తెలియుటకే మెర్కాప్టాను అను ఘాటైన పదార్థమును కలుపుదురు. ఆ వాసన వచ్చిన వెంటనే రెగ్యులేటరు మూసి, తలుపులు తెరచి, అందరును బయటికి రావలెను. విద్యుత్తు స్విచ్చులు వేయరాదు, తీయరాదు. బయటి నుండి 1906కు ఫోను చేయవలెను.

మన జిల్లాల ప్రజలకు గ్యాసు శక్తి క్రొత్త కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని రెండు నెలలకు పైగా మండినది. 2014 జూన్ 27న నగరంలో గొట్టపు లైను నుండి వెలువడిన గ్యాసు తెల్లవారుజామున అంటుకొని ఇరవై మందికి పైగా మరణించిరి. భారీ గొట్టముల రక్షణ సంస్థల బాధ్యత. మన వంటయింటి రబ్బరు గొట్టము మాత్రము మన బాధ్యత.

విద్యార్థి మిత్రులారా! సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు గొట్టముపై ముద్రించిన గడువును చదువుడు. గోడలోని రంధ్రమునకు బియ్యపు బస్తా అడ్డముగా ఉన్నచో ప్రక్కకు జరుపుడు. ఇంటిలోని పెద్దలకు కారణము వివరించుడు. పాఠశాలలోను కళాశాలలోను నేర్చిన రసాయనశాస్త్రము ఆ గడప దాటి లోపల అడుగుపెట్టిననాడే చదువునకు సార్థకత.